రెండో ట్రిప్పు ఉండదనుకోండి

2017 డిసెంబర్ 7న దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ డియేగో కౌంటీలో లైలాక్ కార్చిచ్చు రేగింది. దాని దారిలో, బాన్సాల్ అనే ఊళ్లో, శాన్ లూయిస్ రే డౌన్స్ అనే పందెపు గుర్రాల శిక్షణ కేంద్రం ఉంది. ఆ రోజు అక్కడ నాలుగు వందలకు పైగా గుర్రాలున్నాయి. ఎడారి వైపు నుంచి వీచే శాంటా ఆనా గాలి నిప్పురవ్వల్ని మోసుకొచ్చి ముందు పామ్ చెట్లకు, తర్వాత లాయాల పైకప్పులకు అంటించింది. ట్రెయిలర్లు పిలిపించే వ్యవధి లేకపోయింది. ట్రెయినర్లు, పనివాళ్లు తలుపులు తెరిచి గుర్రాల్ని బయటికి తోలేశారు. చాలా గుర్రాలు ట్రాక్ మీద గుంపుగా పరుగులు పెట్టి బతికాయి. కొన్ని బెదిరి వెనక్కి తిరిగాయి, మండుతున్న లాయంలోకే దూరాయి. మొత్తం 46 గుర్రాలు చనిపోయాయి. వాటిని విడిపించబోయిన ఇద్దరు ట్రెయినర్లు తీవ్రంగా కాలారు. బతికిన వాటిలో చాలావాటిని డెల్ మార్ మైదానానికి చేర్చాక, ఏది ఎవరిదో తేల్చుకోవడం మరో పెద్ద పనైంది.

అక్కడున్న వాళ్లంతా పొద్దున లేస్తే గుర్రాల మధ్యే బతికేవాళ్లు. జీతగాళ్లున్నారు, వెట్‌లు అందుబాటులో ఉన్నారు. అయినా అలా జరిగింది. ఇక శని, ఆదివారాల్లో కలుసుకుని కొండదారుల్లో స్వారీకి వెళ్లే మీ క్లబ్బు సంగతేమిటి? సభ్యుల్లో ఒకరు నర్సు, ఒకరు బడి టీచరు, నలుగురు సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఇద్దరు రిటైరైన వాళ్లు. ఎవరికీ జీతం లేదు. మంట వచ్చిన రోజు సగం మంది ఆఫీసుల్లో ఉంటారు. ఈ అధ్యాయం ఆ క్లబ్బు కోసం.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. 2005లో కత్రీనా తుపాను వచ్చినప్పుడు కుక్కల్నీ పిల్లుల్నీ వదిలి రామని జనం ఇళ్లలోనే ఉండిపోయారు. దాంతో 2006లో అమెరికా కాంగ్రెస్ పెంపుడు జంతువుల తరలింపు గురించి ఒక చట్టం చేసింది. దాన్ని అమలు చేయడానికి విపత్తు సంస్థ ఫెమా రాసుకున్న నిర్వచనంలో కుక్క ఉంది, పిల్లి ఉంది, కుందేలు ఉంది, ఆఖరికి తాబేలు కూడా ఉంది. గుర్రం లేదు. దాన్ని పొలం జంతువుల్లో కలిపేశారు. గుర్రాల్ని కాపాడే కౌంటీ బృందాలు లేవని కాదు. ఉన్నాయి, గొప్పగా పనిచేస్తాయి. కానీ మొదటి గంటలో మీ గేటు ముందు వచ్చి ఆగేది మీ పక్కింటివాళ్ల ట్రక్కే. అందుకే ఇలాంటి క్లబ్బులకు అంత విలువ. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఈక్వెస్ట్రియన్ ట్రెయిల్స్ అనే సంస్థ 1944 నుంచీ ఉంది. దాని స్థానిక శాఖల్ని 'కొరాల్' అంటారు. అది పుట్టింది స్వారీ దారులు మూతపడకుండా చూసుకోవడానికి. అయితే దారుల కోసం కలిసినవాళ్లకు ఎవరి గుర్రం ఎలాంటిదో, ఎవరి ట్రక్కు ఎంత లాగుతుందో తెలిసిపోతుంది. ఆపదలో పనికొచ్చేది ఆ ఎరుకే. చాలా క్లబ్బుల్లో అది నలుగురి బుర్రల్లోనే ఉండిపోయి కాగితం మీదికి రాదు.

కాగితం తీసుకుని ముందు కూడికలు, తీసివేతలు చేయండి. క్లబ్బులో 38 గుర్రాలున్నాయనుకుందాం. రెండు గుర్రాలు పట్టే ట్రెయిలర్లు ఏడు, నాలుగు పట్టేవి రెండు. అంటే ఒక విడతలో 22 గుర్రాలు వెళ్తాయి. ఎక్కించడానికి అరగంట, గమ్యం చేరడానికి మామూలు రోజున 40 నిమిషాలు, దించి పేర్లు రాయించడానికి 20, వెనక్కి రావడానికి మరో 40. రెండు గంటల పది నిమిషాలకు మళ్లీ గేటు దగ్గరుంటాం, మిగిలిన 16 గుర్రాలూ రెండో ట్రిప్పులో ఎక్కేస్తాయి, పని అయిపోయింది. నేను చూసిన క్లబ్బు ప్రణాళికలు చాలావరకు ఈ లెక్క మీదే నిలబడ్డాయి. నా దృష్టిలో అది ప్రణాళికే కాదు.

2018 నవంబర్ 8న మొదలైన వుల్సీ కార్చిచ్చు రెండున్నర లక్షల మందికి పైగా జనాన్ని ఇళ్లు వదిలేలా చేసింది. మాలిబూ నుంచి బయటపడే వాళ్లంతా సముద్రం పక్కన పోయే పసిఫిక్ కోస్ట్ హైవే మీదే ఇరుక్కున్నారు. ట్రెయిలర్లు కదలక గుర్రాల్ని జూమా బీచ్‌లో దించి ఇసుక మీద కాపలా కాశారు. లైఫ్‌గార్డు గూళ్లకు కట్టేసిన జంతువుల వెనక ఆకాశం నారింజ రంగులో ఉన్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. అవి మొదటి ట్రిప్పు గుర్రాలు. అలాంటి రోజున గుర్రాల్ని దింపి మళ్లీ పైకి వెళ్లాలంటే రెండు అడ్డంకులు. ఒకటి ట్రాఫిక్. రెండోది పోలీసు బారికేడ్. లోపలినుంచి వచ్చేవాళ్లను వదులుతారు గానీ వెళ్లేవాళ్లను వదలరు. వదలకపోవడమే సరైన పని కూడా. అందుకని లెక్కలోంచి రెండో ట్రిప్పును కొట్టేయండి. అప్పుడు అసలు సమస్య కళ్లముందు నిలుస్తుంది: 16 గుర్రాలకు చోటు లేదు.

దీనికి పరిష్కారం ప్రశాంతంగా ఉన్న ఏ ఏప్రిల్ నెలలోనో వెతకాలి. వేరే లోయలో, వేరే దిక్కులో ఉన్న మరో క్లబ్బుతో మాట కలుపుకోండి: మీకు మంటైతే మేం వస్తాం, మాకైతే మీరు రండి. ఒకే కొండకు రెండు పక్కలా ఉన్న క్లబ్బులు ఒకేసారి చిక్కుకుంటాయి కాబట్టి పొరుగు క్లబ్బు ఇందుకు పనికిరాదు. గుర్రాల్ని కిరాయికి తరలించే వాళ్ల నంబర్లు రెండు మూడు దగ్గర పెట్టుకోండి. ఇంకో మార్గం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది, కానీ జనం వినరు. వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇచ్చిన రోజున, ఎక్కడా మంట లేకపోయినా, ఆ 16 గుర్రాల్ని ముందే దూరంగా పంపేయడం. గాలి, పొడి, ఎండిన పొదలు కలిసొచ్చే రోజులవి. ఏమీ జరక్కపోతే గుర్రాలు రెండు రోజులు చుట్టపు చూపుగా వెళ్లొచ్చినట్టు. పెట్రోలు ఖర్చవుతుంది. ఎవరో ఒకరు 'అనవసరంగా హైరానా పడ్డాం' అంటారు. అననివ్వండి. ఆ రోజును అభ్యాసం కింద రాసుకోండి.

బయలుదేరేది ఎప్పుడన్న ప్రశ్న ఇంతకన్నా కష్టమైనది. కాలిఫోర్నియాలో అధికారులు రెండు మాటలు వాడతారు: ఎవాక్యుయేషన్ వార్నింగ్, ఎవాక్యుయేషన్ ఆర్డర్. ఆర్డర్ అంటే ప్రాణాలకు వెంటనే ముప్పు ఉంది, చట్టప్రకారం అందరూ వెళ్లిపోవాలి. వార్నింగ్ అంటే ముప్పు పొంచి ఉంది, సిద్ధంగా ఉండండి. చాలామంది వార్నింగ్ దగ్గర ఆగి బట్టలు సర్దుకోవడం మొదలుపెడతారు. కానీ ఆ ప్రకటనను చివరిదాకా చదవండి. ఎక్కువ సమయం పట్టేవాళ్లు, పెంపుడు జంతువులు, పశువులు ఉన్నవాళ్లు ఇప్పుడే వెళ్లాలని అందులోనే ఉంటుంది. గుర్రం ఉన్నవాళ్లకు వార్నింగే ఆర్డర్. ఈ ఒక్క వాక్యాన్ని క్లబ్బులో ప్రతి ఒక్కరి చేతా అనిపించండి. చాలా కౌంటీలు తమ ప్రాంతాన్ని మండలాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక సంకేతం ఇచ్చాయి. జెనసిస్ ప్రొటెక్ట్ లాంటి యాప్‌లో అది కనిపిస్తుంది. ప్రతి సభ్యుడి ఇంటి మండలం, గుర్రం ఉండే బార్న్ మండలం రెండూ జాబితాలో ఉండాలి. ఆ రెండూ ఒకటి కానప్పుడే తికమక వస్తుంది.

మరి 'కదలండి' అని చెప్పేదెవరు? వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెడితే పొగ కనిపించేదాకా అందరూ 'ఇంకాస్త చూద్దాం' అనే అంటారు. మనవాళ్లకు ఇది మరీ అలవాటు. పెద్దవాళ్లెవరైనా చెబితే బాగుండని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. కాబట్టి ఒక్క మనిషిని నియమించండి. ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఇద్దరు ప్రత్యామ్నాయాలు. వాళ్లకు గుర్రాల అనుభవం ఎక్కువుండాలన్న నియమమేమీ లేదు. కంగారు పడనివాళ్లు, పగలు ఫోన్ ఎత్తేవాళ్లు అయితే చాలు. వాళ్లు చెప్పగానే కదలాలి, వాదన ఏదైనా ఉంటే వచ్చే మీటింగులో.

ట్రెయిలర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం విసుగు పుట్టించే వివరాలున్నాయి. భరించండి. ఆపద రోజున ఎవరి ట్రక్కుకు ఎవరి ట్రెయిలర్ తగిలిస్తామో తెలియదు. యజమాని ఆఫీసులో ఉంటాడు, ట్రెయిలర్ ఇంటి దగ్గరుంటుంది, వేరొకరు ట్రక్కు తెస్తారు. ట్రక్కు వెనక ఉండే బాల్ అన్నిటికీ ఒకే కొలత కాదు. గుర్రపు ట్రెయిలర్లలో ఎక్కువగా కనిపించేవి 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు. పెద్ద బాల్ కోసం చేసిన కప్లర్ చిన్న బాల్ మీద చక్కగా కూర్చున్నట్టే కనబడుతుంది. మొదటి గతుకులో ఎగిరిపోతుంది. లోపల రెండు గుర్రాలుంటాయి. అలాగే లైట్లకు, బ్రేకులకు వెళ్లే ప్లగ్గుకు ఎన్ని పిన్నులన్నది కూడా తేడా ఉంటుంది. అందుకని ట్రెయిలర్ నాలుక మీదే పెయింటుతో బాల్ కొలత, ప్లగ్గు రకం రాసేయండి. సరిపోయే బాల్, అడాప్టర్ ఆ ట్రెయిలర్ పెట్టెలోనే ఉంచండి. ఏడాదికి రెండుసార్లు రబ్బరు చాపలు ఎత్తి కింది చెక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గుర్రాల మూత్రం పడి పడి చెక్క లోపల కుళ్లిపోయి పైకి బాగానే కనిపిస్తుంది. అర టన్ను బరువు దాని మీద నిలబడుతుంది. టైర్లు అరగకపోయినా ఎండకు పక్కలు పగులుతాయి, స్టెప్నీని అసలెవరూ చూడరు. ట్రక్కు ట్యాంకు వేసవిలో, గాలుల కాలంలో సగానికి దిగనివ్వకూడదు. కరెంటు పోతే పెట్రోలు బంకు పనిచేయదు.

ఇవన్నీ సిద్ధంగా ఉన్నా గుర్రం ట్రెయిలర్ ఎక్కకపోతే? క్లబ్బులకు అసలు గండం ఇక్కడే ఉంటుంది. ప్రమాదం కనబడితే పారిపోయి బతకడమే గుర్రానికి తెలిసిన విద్య. చీకటిగా, ఇరుగ్గా, కాళ్ల కింద దడదడలాడే పెట్టెలోకి వెళ్లమంటే అది మొరాయించడంలో తప్పేముంది? ఏడాదికి రెండు షోలకు వెళ్లే గుర్రం ట్రెయిలర్ ఎక్కుతుందని యజమాని ధీమాగా ఉంటాడు. ఆ ధీమా పగటిపూట, తన సొంత ట్రెయిలర్‌కు, తన చేతిలో పగ్గం ఉన్నప్పుడు మాత్రమే చెల్లుతుంది. మంట రోజున పొగ ఉంటుంది, గాలి హోరు ఉంటుంది, పక్క గుర్రాలు సకిలిస్తుంటాయి, పగ్గం పట్టుకున్నది ముక్కూమొహం తెలియని మనిషి. ట్రెయిలర్ కూడా వేరే రకం: దీనికి ర్యాంపు అలవాటు, అక్కడున్నదాంట్లోకి కాలెత్తి ఎక్కాలి.

కాబట్టి అభ్యాసం ఆ తేడాల మీదే జరగాలి. ముందు కొన్ని వారాలు దాణా, గడ్డి ట్రెయిలర్‌లోనే పెట్టండి. తలుపు వేయకండి, ఎక్కడికీ తీసుకెళ్లకండి. లోపలికి వెళ్తే తిండి దొరుకుతుందని, బయటికి రానిస్తారని దానికి నమ్మకం కుదరాలి. తర్వాత ట్రెయిలర్లు మార్చుకోండి. తర్వాత మనుషుల్ని మార్చండి. చివరికి చీకటి పడ్డాక, తలకు టార్చి కట్టుకుని ప్రయత్నించండి. దీన్ని ఒక ఆదివారం సాయంత్రం అందరూ తలా ఒక వంటకం తెచ్చుకుని చేస్తే పిల్లలూ ఉత్సాహపడతారు, గుర్రాలకూ సంత వాతావరణం అలవాటవుతుంది. పరీక్ష ఒకటే: తనను ఎప్పుడూ ముట్టుకోని సభ్యుడు పది నిమిషాల్లో గుర్రాన్ని ఎక్కించి తలుపు వేయగలగాలి. నెగ్గని గుర్రం పేరు జాబితాలో ఎర్ర సిరాతో రాయండి. యజమాని నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఆ ఎర్ర పేర్లు ఎప్పుడు ఎక్కాలన్నది తేల్చుకోవాలి. దీని మీద గుర్రాలవాళ్లలో ఏకాభిప్రాయం లేదు. నా అభిప్రాయం చెబుతాను. వార్నింగ్ దశలో, చేతిలో సమయం ఉన్నప్పుడు, మొండివాటిని, ముసలివాటిని, పిల్లతో ఉన్న తల్లి గుర్రాల్ని ముందు ఎక్కించండి. ఆర్డర్ వచ్చేసి కళ్లకు మంట కనబడుతుంటే దాన్ని తిరగేయండి. ఎక్కేవాటిని ఎక్కించి వెళ్లిపోండి. ఒక మొండి గుర్రం కోసం ముప్పావుగంట పెనుగులాడితే దాని వెనక నిలబడ్డ నాలుగు బుద్ధిమంతులు ఆగిపోతాయి. మత్తు మందు వాడొచ్చా అని అడుగుతారు. మీ వెట్ ముందే చూసి, ఏ గుర్రానికి ఎంతో రాసిచ్చి, ఎలా ఇవ్వాలో నేర్పితేనే. మత్తులో తూలే గుర్రం కదిలే ట్రెయిలర్‌లో కాళ్ల మీద నిలబడలేదు.

గుర్తింపు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఖర్చు తక్కువ, చేయనందుకు సాకు లేదు. మైక్రోచిప్ వేయించండి, కానీ దాన్ని చదివే పరికరం అందరి దగ్గరా ఉండదు. అందుకని చెరగని మార్కర్‌తో డెక్కల మీద మీ ఫోన్ నంబరు రాయండి, పశువులకు వాడే రంగు క్రేయాన్‌తో ఒంటి మీదా రాయండి. తల హాల్టర్ తోలుదో నూలుదో కావాలి. నైలాన్ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఈగల కోసం వేసే ముసుగులు, దుప్పట్లు కూడా అలాంటివే, తీసేయండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, గుర్రం పక్కన మీరు నిలబడ్డ ఫొటో కూడా ఫోన్‌లో పెట్టుకోండి. నాలుగు వందల గుర్రాల మధ్య నుదుట చుక్క ఉన్న ఎర్ర గుర్రం నాదే అని నిరూపించుకోవడం అంత తేలిక కాదు.

ఎక్కడికి వెళ్లాలి? లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల గుర్రాలకు ఆశ్రయమిచ్చే చోట్లు పేరున్నవే: బర్బాంక్‌లోని ఈక్వెస్ట్రియన్ సెంటర్, వుడ్‌లాండ్ హిల్స్‌లోని పియర్స్ కాలేజీ, వెంచురా ఫెయిర్‌గ్రౌండ్స్. 2025 జనవరి 7న పాలిసేడ్స్, ఈటన్ కార్చిచ్చులు రెండూ ఒకే రోజు మొదలయ్యాయి. కొండల అంచున పాతకాలం నుంచీ గుర్రాలు పెంచుకునే ఆల్టడీనా వాసులు కొందరు పగ్గాలు పట్టుకుని వీధుల వెంట గుర్రాల్ని నడిపించుకుంటూ వెళ్లారు. బర్బాంక్ సెంటరుకు వందలాది గుర్రాలు చేరాయి. అందరికీ తెలిసిన చోటు అందరికన్నా ముందు నిండుతుంది. కాబట్టి రెండు గమ్యాలు, రెండూ వేర్వేరు దిక్కుల్లో, వాటిలో ఒకటి ఎవరిదైనా సొంత పచ్చిక అయితే మరీ మంచిది.

ట్రెయిలర్ లేనివాళ్లు, గుర్రమే లేనివాళ్లు 'మేమేం చేయగలం?' అని వెనక నిలబడతారు. నిజానికి వాళ్లు లేకపోతే గమ్యం దగ్గర అంతా గందరగోళమే. అయిదు వందల కిలోల గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి తింటుంది, 20 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది. కొత్తచోట నీళ్ల వాసన తేడాగా ఉందని కొన్ని మూతి పెట్టవు. తాగకపోతే, బెదురు తోడైతే, కడుపునొప్పి పట్టుకుంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని కడుపునొప్పి ప్రాణం తీయగలదు. కాబట్టి రాత్రంతా ఎవరో ఒకరు తిరుగుతూ ఏ గుర్రం తాగింది, ఏది తినలేదు, ఏది పేడ వేసింది అని రాసుకోవాలి. అలవాటైన గడ్డే మూడు రోజులకు సరిపడా మోసుకురావాలి. నీళ్ల బకెట్లు ఒకదానివి ఒకదానికి పెట్టకూడదు. పది బార్న్‌ల గుర్రాలు ఒకచోట చేరితే జలుబు, గొంతు గడ్డలు అంటుకోవడం చాలా తేలిక. టీకాల కాగితాలు ఒక ఫైల్లో ఉండాలి. పైగా ఏ గుర్రాన్ని ఎవరు, ఏ నంబరు బండిలో, ఎక్కడికి తీసుకెళ్లారో రాసే మనిషి గేటు దగ్గర కచ్చితంగా ఉండాలి. మంచి మనసుతో వచ్చిన అపరిచితుడికి గుర్రాన్ని అప్పగించేటప్పుడు కూడా అతని నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి. ఇవేవీ ట్రక్కు నడిపే పనులు కావు. స్వారీ రాని మనిషి కూడా చేయొచ్చు.

కౌంటీ గీసిన హద్దు దాటి లోపలికి వెళ్లాలనుకునే ఉత్సాహవంతులు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. వాళ్లకు ఒకే దారి, ముందే శిక్షణ తీసుకోవడం. లాస్ ఏంజెలెస్ కౌంటీ జంతు సంరక్షణ విభాగానికి స్వచ్ఛంద సేవకులతో ఒక ఈక్వైన్ రెస్పాన్స్ టీమ్ ఉంది. ఉత్తరాన బ్యూట్ కౌంటీలో నార్త్ వ్యాలీ యానిమల్ డిజాస్టర్ గ్రూప్ ఉంది. 85 మందిని బలిగొన్న 2018 క్యాంప్ కార్చిచ్చులో జంతువుల కోసం పనిచేసింది వాళ్లే. విపత్తుల్లో ఎవరి ఆజ్ఞ ఎవరు వినాలో నేర్పే ఫెమా ప్రాథమిక కోర్సులు ఐఎస్-100, ఐఎస్-700 ఇంటర్నెట్లో ఉచితం. వారాంతంలో అయిపోతాయి. ఇవేవీ లేకుండా ఖాళీ ట్రెయిలర్ వేసుకుని, ఎవరూ పిలవకుండా పొగలోకి బయలుదేరితే ఫైరింజన్ దారికి అడ్డం పడటం తప్ప ఒరిగేదేమీ లేదు. బారికేడ్ దగ్గర పోలీసుతో గొడవపడటం సేవ కిందికి రాదు.

ఇన్ని చేసినా ఒక్కోసారి తీసుకెళ్లడం సాధ్యం కాదు. అప్పుడేం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ క్షణంలో మనసు పనిచేయదు. చెట్లు, కరెంటు తీగలు, కట్టడాలు లేని, గడ్డి మేసేసి మట్టి తేలిన పెద్ద ఆవరణ ఒకటి ఎంచి పెట్టుకోండి. గుర్రాల్ని అందులో వదిలి, తొట్లు నిండా నీళ్లు నింపి, గడ్డి వేసి వెళ్లిపోండి. నొక్కితే నీళ్లొచ్చే కుళాయి తొట్లను నమ్మకండి, కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది. బయటికి తీసిన వెంటనే లాయం తలుపులు మూసేయండి. బెదిరిన గుర్రం తనకు తెలిసిన చోటికే పరుగెడుతుంది, ఆ చోటు నిప్పుల్లో ఉన్నా సరే.

గేటు తీసి రోడ్డు మీదికి మాత్రం వదలొద్దు. ఇది మనవాళ్లకు వింతగా అనిపించవచ్చు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో కొట్టుకుపోయిన పశువుల కథలు విని పెరిగిన వాళ్లం. తుపాను వస్తుందంటే పలుపుతాళ్లు విప్పేయమనే మన ఊళ్లలో చెబుతారు. నీళ్లొచ్చే చోట కట్టేసిన గొడ్డు మునిగిపోతుంది, విప్పితే మెరకకు ఈదే అవకాశం ఉంటుంది. అదీగాక తుపాను సంగతి మన వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందే చెబుతుంది. కార్చిచ్చు గంటల్లో వస్తుంది, దాని ముందు జనమంతా ఒకే ఇరుకు రోడ్డు మీద ఉంటారు. పొగలో ఎదురొచ్చిన గుర్రాన్ని గుద్దిన కారు ఆ దారిని మూసేస్తుంది, వెనకున్న వందమంది ఆగిపోతారు. కట్టేయడమూ తప్పే, రోడ్డుకు వదలడమూ తప్పే. కంచె లోపల స్వేచ్ఛగా వదలడం ఒక్కటే మిగిలిన దారి.

గుర్రం కొనకుండా, పిల్లల కోసం నెలకింత కట్టి సగం లీజుకు తీసుకునే తెలుగు కుటుంబాలు కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాళ్లు ఈ అధ్యాయం తమది కాదనుకోవచ్చు. గుర్రం మీది కాకపోయినా, శనివారం పొద్దున ఆ బార్న్‌లో ఉండేది మీ అమ్మాయి. ట్రెయినర్‌ను మొహమాటం లేకుండా అడగండి: ఇక్కడ ఎన్ని గుర్రాలున్నాయి, ఎన్ని ట్రెయిలర్లున్నాయి, వార్నింగ్ వస్తే ఎటు వెళ్తారు, నా కూతురు అప్పుడిక్కడుంటే ఎవరి బాధ్యత? మొదటి రెండు జవాబుల మధ్య తేడా ఎక్కువుంటే తర్వాతి రెండూ గట్టిగా అడగాలి. పదమూడేళ్ల పిల్ల తనకిష్టమైన గుర్రాన్ని వదిలి రానని మంకుపట్టు పడుతుంది. పడకపోతేనే ఆశ్చర్యం. అందుకని ఆమెకు ముందే ఒక పని అప్పగించండి, బార్న్ బయట చేసే పని: జాబితా పట్టుకుని వెళ్లిన గుర్రానికల్లా టిక్కు పెట్టడం, లేదా ఫోన్లు చేయడం. ట్రెయినర్ 'కారెక్కు' అంటే ఎక్కాల్సిందేనని ఇంట్లో భోజనాల దగ్గర మాట తీసుకోండి.

మంటలు ఆరి, దారులు తెరిచాక గుర్రాల్ని వెంటనే తెచ్చేయాలని అందరికీ ఆత్రంగా ఉంటుంది. ముందు మనుషులు వెళ్లి చూడాలి. కాలిపోయిన కంచెల మేకులు మట్టిలో ఉంటాయి, తెగిన తీగలు గడ్డిలో ఉంటాయి, తొట్లలో బూడిద తేలుతుంటుంది, చెట్ల మొదళ్లు లోలోపల ఇంకా రగులుతుంటాయి. గడ్డిని కొన్నాళ్లు నీళ్లలో తడిపి పెట్టండి, దుమ్ము తగ్గుతుంది. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, పొగంతా ముక్కులోంచే లోపలికి పోయి ఉంటుంది. పైకి హుషారుగా కనిపించినా ఊపిరితిత్తుల లోపలి పొర మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యులు చెబుతారు. దగ్గు, ముక్కు కారడం, గుక్క తిప్పుకోలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వెట్‌కు చూపించండి. ఏ లక్షణమూ లేకపోయినా ఆ ఆరు వారాలూ స్వారీ బరువు పెట్టకండి. ఆ మధ్యలో షో ఏదైనా ఉంటే ఎంట్రీ రద్దు చేసుకోండి. కట్టిన ఫీజు వెనక్కి రాకపోతే పోనివ్వండి.